టెస్టుల్లో వెయిటింగ్: స్లీప్, పోలింగ్, అవెయిట్... ఏది మేలు?

ప్రోగ్రాంలో కొన్ని పనులు వెంటనే అవ్వవు, వాటిని చూసే టెస్ట్ ఫలితం వచ్చేదాకా ఆగాలి. దానికి మూడు దారులు: ఇంతసేపని ముందే పెట్టుకుని ఆగడం (స్లీప్), అయిందా అని మళ్లీ మళ్లీ అడగడం (పోలింగ్), పని ముగిసేదాకా నేరుగా దాని మీదే ఆగడం (అవెయిట్). ముందే చెప్పేస్తాను, నా ఓటు అవెయిట్‌కే. మీరు టెస్ట్ చేస్తున్న ఫంక్షన్ ప్రామిస్‌నో ఫ్యూచర్‌నో (ఫలితం తర్వాత ఇస్తానని చెప్పే వస్తువు) తిరిగి ఇస్తుంటే దాని మీదే ఆగండి, ఇంకో ఆలోచన అక్కర్లేదు. కానీ మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో టెస్ట్ కోడ్ రివ్యూకి వస్తే నాకు ఎక్కువగా కనబడేది మాత్రం స్లీప్ 2000 (అంటే 2 సెకన్ల నిద్ర), దాని పక్కనే "తీసేస్తే ఫెయిల్ అవుతోంది, ముట్టుకోవద్దు" అని ఒక కామెంట్.

స్లీప్ అంటే ఉత్త అంచనా. గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కి గంటన్నర చాలనుకుని బయల్దేరడం లాంటిది: ఆదివారం పొద్దున అయితే ప్లాట్‌ఫారం మీద ఖాళీగా కూర్చోవాలి, వాన పడిన శుక్రవారం సాయంత్రం అయితే రైలు వెళ్లిపోయి ఉంటుంది. మన ల్యాప్‌టాప్‌లో 200 మిల్లీసెకన్లలో అయ్యే పని, నాలుగు బిల్డులు ఒకేసారి నడుస్తున్న సీఐ మెషీన్ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే సర్వర్) మీద 3 సెకన్లు తీసుకోవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు 2ని 5 చేస్తారు, కొన్నాళ్లకి అది 10 అవుతుంది. 300 టెస్టుల్లో తలా 2 సెకన్లు పెట్టి వరసగా నడిపితే 10 నిమిషాలు నిద్రకే పోతాయి, అయినా గ్యారంటీ ఉండదు. ఇంత కన్నా నాకు చిరాకు తెప్పించేది, ఫెయిల్ కాగానే పక్క సీటు నుంచి వచ్చే "అన్నా, రీరన్ కొట్టు, పాసైపోద్ది" అన్న మాట. అది అలవాటైపోయిన టీమ్‌లో నిజమైన బగ్ వచ్చినా రీరనే కొడతారు.

పోలింగ్ దీనికంటే చాలా నయం. అయిందా, అయిందా అని మాటిమాటికీ అడిగి, అవ్వగానే ముందుకు వెళ్తుంది. జావాలో అవెయిటిలిటీ అనే లైబ్రరీ మామూలుగా 100 మిల్లీసెకన్లకోసారి చూస్తూ 10 సెకన్ల దాకా ఆగుతుంది, జావాస్క్రిప్ట్‌లో టెస్టింగ్ లైబ్రరీ అనే దాంట్లోని వెయిట్‌ఫర్ 50 మిల్లీసెకన్లకోసారి చూస్తూ 1 సెకనుకే చేతులెత్తేస్తుంది, బ్రౌజర్‌ని నడిపే సెలీనియంలో వెబ్‌డ్రైవర్‌వెయిట్ అరసెకనుకోసారి చూస్తుంది. ఇక్కడ గడువు కాస్త పెద్దగా పెట్టినా నష్టం లేదు, ఎందుకంటే మొత్తం గడువు ఖర్చయ్యేది టెస్ట్ ఫెయిల్ అయినప్పుడే. బ్రౌజర్, డేటాబేస్, కాఫ్కా (మెసేజ్‌లు మోసే వ్యవస్థ) లాంటివి మన ప్రాసెస్ బయట ఉంటాయి కదా, అవి పని ముగించి మనకి కబురు పంపవు, కాబట్టి అక్కడ పోలింగే దిక్కు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. పోల్ చేసే బ్లాకులో క్లిక్కులు, ఇన్సర్టులు పెట్టకండి, అది ఎన్నిసార్లు నడుస్తుందో మీ చేతిలో ఉండదు. సెలీనియంలో ఇంప్లిసిట్ (ప్రతి ఎలిమెంట్ వెతుకులాటకీ వర్తించేది), ఎక్స్‌ప్లిసిట్ (ఒక షరతు కోసం మనం రాసేది) వెయిట్లు కలిపేయకండి, 10 సెకన్ల ఇంప్లిసిట్, 15 సెకన్ల ఎక్స్‌ప్లిసిట్ కలిసి 20 సెకన్లకి టైమౌట్ కావచ్చని వాళ్ల డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది.

అవెయిట్‌కి ఈ తలనొప్పి లేదు. పని అయిన క్షణంలోనే టెస్ట్ కదులుతుంది, లోపల ఎక్సెప్షన్ వస్తే "టైమౌట్" అనే గుడ్డి మెసేజ్ బదులు అసలు ఎర్రరే చేతికొస్తుంది. అయితే జావాస్క్రిప్ట్‌లో ఆ అవెయిట్ అనే పదం రాయడం మర్చిపోయారనుకోండి, చెక్ జరిగే లోపే టెస్ట్ ముగిసి పచ్చగా వెలిగిపోతుంది, అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు. టైప్‌స్క్రిప్ట్ వాళ్లకి నో ఫ్లోటింగ్ ప్రామిసెస్ అనే లింట్ రూల్ (కోడ్ నడపకుండానే తప్పు పట్టే నియమం) ఉంది, ఆన్ చేసుకోండి. జావాలో కౌంట్‌డౌన్‌లాచ్ (లెక్క సున్నా అయ్యేదాకా ఆపి ఉంచేది) మీద గడువు పెట్టి ఆగితే, గడువు దాటినప్పుడు అది ఎక్సెప్షన్ విసరదు, ఫాల్స్ అని ఊరుకుంటుంది. ఆ ఫాల్స్‌ని చూడకుండా వదిలేసే కోడ్ ఎంతో.

టైమర్ల సంగతి వేరే. 30 సెకన్ల తర్వాత రీట్రై, 10 నిమిషాలకి ఓటీపీ ఎక్స్‌పైర్ లాంటివాటికి ఏ పద్ధతిలోనైనా నిజంగా ఆగడమే తప్పు, గడియారాన్నే మన చేతిలోకి తీసుకోవాలి. జావాస్క్రిప్ట్ టెస్ట్ టూల్ జెస్ట్‌లో ఫేక్ టైమర్లు, కాట్లిన్‌లో రన్‌టెస్ట్, గో 1.25 నుంచి సింక్‌టెస్ట్ చేసేది అదే. ఫేక్ టైమర్ల మధ్యలో ప్రామిసులు ఉంటే జెస్ట్‌లో అసింక్ రకం అడ్వాన్స్ ఫంక్షన్లు వాడండి, లేకపోతే గడియారం ముందుకు పోయినా ప్రామిస్ తర్వాతి కోడ్ ఇంకా నడవకుండానే ఉంటుంది.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: "ఇది జరగకూడదు" అని చూసే టెస్ట్. ఆర్డర్ క్యాన్సిల్ అయితే మెయిల్ వెళ్లకూడదు, సరే, ఎంతసేపు ఆగాలి? పోలింగ్ మొదటి చూపులోనే "మెయిల్ లేదు" అని పాస్ చేసేస్తుంది. స్లీప్ చిన్నదైతే మామూలు టెస్ట్ కనీసం ఫెయిలై అరుస్తుంది, ఇక్కడ మాత్రం చడీచప్పుడు లేకుండా పాసవుతుంది. నేనైతే అదే క్యూలో వెనకాలే ఇంకో ఆర్డర్ పంపి, దీనికి మెయిల్ తప్పకుండా వెళ్లాలి కాబట్టి అది కనబడేదాకా పోల్ చేసి, అప్పుడు మొదటిదాని కోసం వెతుకుతాను. కన్స్యూమర్ (క్యూలోంచి మెసేజ్ తీసి పని చేసేది) ఒక్కటే ఉండి, మెసేజ్‌లు ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి నడిస్తేనే ఇది పనిచేస్తుంది. ఎక్కువ కన్స్యూమర్లు సమాంతరంగా లాగుతుంటే, చేతిలో ఉన్న పనంతా ముగిసిందని చెప్పే హుక్ ఒకటి కోడ్‌లోనే పెట్టమని ఆ సర్వీస్ రాసినవాళ్లని అడగాల్సిందే.