రెండు పనులు ఒకేసారి నేర్పిస్తానన్న యాప్: ఆరు వారాలు వాడాక

ఒకేసారి రెండు పనులు చేసే శక్తి పెరుగుతుందని రాసుంటే ఆశపడి ఈ డ్యూయల్ ఎన్-బ్యాక్ యాప్ వేసుకున్నాను. రోజుకి ఇరవై నిమిషాలు. తొమ్మిది గళ్లలో ఎక్కడో ఒక చోట నీలం చతురస్రం వెలుగుతుంది, అదే క్షణంలో చెవిలో ఒక అక్షరం వినిపిస్తుంది, రెండు వంతుల కిందట కూడా అదే గడి అయితే ఎడమ బొటనవేలితో, అదే అక్షరం అయితే కుడి బొటనవేలితో నొక్కాలి. అంతే కదా అనుకున్నాను. మొదటి రోజు గడి గుర్తుపెట్టుకుంటే అక్షరం జారిపోయేది, అక్షరం పట్టుకుంటే గడి ఎటో పోయేది, రెండూ కలిసొచ్చాయంటే వేళ్లు కొయ్యబారిపోయేవి.

మూడో వారానికి లోపల గొణుక్కోవడం ఆగింది. వేళ్లే నొక్కేస్తున్నాయి! ఇందులో వింతేం లేదు, 1976లో స్పెల్కీ, హర్స్ట్, నైసర్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థుల చేత కథలు చదివిస్తూనే చెప్పిన మాటలు రాయించారు, మొదట్లో చదివే వేగం బాగా పడిపోయింది, వారానికి ఐదు గంటల చొప్పున సాధన చేయిస్తే కొన్ని వారాలకే మళ్లీ మామూలైంది.

కానీ వాళ్లకి అలవాటైంది చదవడం, రాయడం అనే ఆ జత. నాకు అలవాటైంది గడి, అక్షరం. యాప్ దాచిపెట్టేది ఇదే. ఆరో వారంలో స్కోరు చూసుకుని పొంగిపోయి, ఫోన్లో మాట్లాడుతూ మెయిల్ రాశాను. అటువైపు "ఎప్పుడొస్తావు?" అంటే "సరే" అన్నాను, మెయిల్లోనేమో ఫోన్లో విన్న మాట టైప్ చేసేశాను. 2008లో కూపర్, స్ట్రేయర్ అనే పరిశోధకులు డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో నాలుగు రోజులు సాధన చేయించి చూసినా, ఫోన్లో మాట్లాడేవాళ్ల పరధ్యానం పోలేదు. కాబట్టి ఈ స్కోరు చూసుకుని బండి మీద ఫోన్ ఎత్తకండి.

ఆటగా అయితే బాగుంది, నిజంగానే వదలబుద్ధి కాదు. తప్పులు తగ్గగానే రెండుకి బదులు మూడు వంతుల కిందటిది గుర్తుపెట్టుకోమనడం మాత్రం మరీ దారుణం, మళ్లీ మొదటి రోజు అవస్థే. ఒక్క రోజు ఆడకపోతే వచ్చే నోటిఫికేషన్లు ఇంకో టెన్షన్. ఐదుకి రెండున్నర స్టార్లు, ఆ సగం ఆ నీలం చతురస్రానికి. వేసుకుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఆడండి, స్పీకర్లో బి, డి, పి మూడూ ఒకేలా వినిపిస్తాయి.