తొలి అకౌస్టిక్ గిటార్: కొన్నేళ్లు వాయించాక నా మాట

తిరుపతిలో ఉంటూ, పది వేలకు కాస్త అటూ ఇటూ పెట్టి తొలి గిటార్ కొనాలనుకునేవాళ్లకు యమహా ఎఫ్310 కొనమని ధైర్యంగా చెప్తాను. కొన్నేళ్లుగా దాదాపు రోజూ నేను వాయిస్తున్నది అదే. కాకపోతే ఉన్న డబ్బంతా గిటార్‌కే పెట్టేయకండి. వెయ్యి, పదిహేను వందలు సెటప్‌కీ (తీగల ఎత్తు వగైరా సరిచేయించడానికి) కొత్త తీగలకీ పక్కన ఉంచుకోండి.

ఇది ఎందుకు ముఖ్యమో మా అక్క కొడుకు గిటార్ చూశాక బాగా అర్థమైంది. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని కొన్నారు. చూడ్డానికి నిగనిగలాడేది. పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర మాత్రం తీగల కింద మూడు రూపాయి బిళ్లలు దూరేంత ఎత్తు. పాపం వాడు ఎఫ్ కార్డ్ (ఒకే వేలితో చాలా తీగల్ని అదిమి పట్టే స్వరాల గుంపు) పట్టలేక, తన చేతికే బలం లేదనుకుని మానేయబోయాడు. లోపం వాడి చేతిలో లేదు, యాక్షన్‌లో, అంటే మెట్ల మీద తీగల ఎత్తులో ఉంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే నేర్చుకునే చేతికి హాయి. ఎత్తు ఎక్కువైతే బ్రిడ్జ్ (తీగలు బిగించే చెక్క) మీది శాడిల్‌ని, అంటే తీగలు ఆనే సన్న పట్టీని అడుగువైపు అరగదీయాలి. పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ ఒక మిల్లీమీటర్ తగ్గాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. తెలిసినవాళ్ల చేత చేయించండి, ఎక్కువ అరిగిందంటే కొత్త శాడిల్ వేయాల్సిందే. వాడి గిటార్‌కి ఆ పని చేయించి, పది గేజ్ తీగలు (గేజ్ అంటే తీగ మందం, పది అంటే సన్నవి) వేయించాం. ఇప్పుడు అదే గిటార్ మీద వాయిస్తున్నాడు.

ఎఫ్310 స్కేల్ (తీగ మోగే పొడవు) 634 మిల్లీమీటర్లు. 650 ఉండే గిటార్లతో పోలిస్తే అవే తీగలు దీని మీద కొంచెం మెత్తగా అనిపిస్తాయి. పై చెక్క స్ప్రూసే, కానీ ఒకే పలక కాదు, పొరలు అతికించింది. ఒకే పలకతో చేసే సాలిడ్ టాప్‌లో ఉండే లోతు, నాదం ఎక్కువసేపు నిలవడం ఇందులో రావు, అది నిజం. అయితే మన వాతావరణం కూడా చూసుకోవాలి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండకి చెక్క ఎండి కుంచించుకుపోతుంది, అక్టోబర్ నుంచి ఈశాన్య రుతుపవనాల తేమకి ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది. పొరల చెక్క ఈ రెండింటినీ బాగా తట్టుకుంటుంది. తొలి గిటార్‌కి నేనైతే ఆ నిబ్బరానికే ఓటేస్తాను. ఏ గిటార్‌నైనా ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకండి, జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది.

మన ఊళ్లో చాలామంది పిల్లలు కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంటుంటారు. వాళ్లకి గిటార్ కొత్తగా ఏమీ అనిపించదు. సన్న తీగ నుంచి లెక్కిస్తే ఐదో తీగ మీద మూడో మెట్టుని షడ్జమం అనుకుంటే పక్క మెట్టే శుద్ధ రిషభం. అలా సరళీ వరుసలన్నీ వేళ్లకి వచ్చేస్తాయి, కార్డులు పట్టకముందే చెవి కుదురుతుంది. గమకాల కోసం తీగ లాగాలంటే మాత్రం లావుగా ఉండే పన్నెండు గేజ్‌తో కష్టం. పది వేసుకోండి, శబ్దం కాస్త పలచబడినా ఫర్వాలేదు.

నచ్చిన మోడల్ ఇక్కడి షాపుల్లో దొరక్కపోతే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లినా సరే, చేత్తో పట్టుకుని చూశాకే కొనండి. ప్రతి తీగనీ ప్రతి మెట్టు దగ్గరా నొక్కి మీటండి, ఎక్కడా గరగరమనకూడదు. తీగని మూడో మెట్టు దగ్గర నొక్కితే మొదటి మెట్టు దగ్గర వెంట్రుకంత సందే ఉండాలి, ఎక్కువ ఉంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) ఎత్తుగా ఉన్నట్టు. పన్నెండో మెట్టు మీద తీగని తాకీ తాకనట్టు మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కితే వచ్చే స్వరం శ్రుతి చూపే ట్యూనర్‌లో ఒకేలా చూపించాలి. తేడా ఉంటే ఇంకో పీస్ తీయమనండి. మొహమాటపడకండి.