నూనె స్టీరింగా, కరెంటు స్టీరింగా: బెంగళూరు కారుకు ఏది మేలు?

మా బావమరిది ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తాడు, సొంతూరు చిత్తూరు. పాత కారు కొనాలని రెండు బేరాలు చూసుకుని, శనివారం పొద్దున్నే మారతహళ్లిలో మా ఇంటికి వచ్చాడు. ఒకటి డీజిల్ కారు, హైడ్రాలిక్ స్టీరింగ్, అంటే నూనె ఒత్తిడితో సాయం చేసేది. రెండోది కాస్త చిన్న పెట్రోలు కారు, ఎలక్ట్రిక్ స్టీరింగ్, అంటే కరెంటు మోటారుతో సాయం చేసేది. ధరలు ఇంచుమించు ఒకటే. "బావా, ఇంజన్ల సంగతి మెకానిక్ చూశాడు. స్టీరింగ్ ఏది మేలో మీరు చెప్పండి" అన్నాడు. పదకొండేళ్లు నూనె స్టీరింగ్ తిప్పి, నాలుగేళ్లుగా కరెంటు స్టీరింగ్ తిప్పుతున్నవాణ్ణి కనుక అడగడం న్యాయమే.

రెండింటికీ మొదలు ఒక్కటే. స్టీరింగ్ కింద కడ్డీలో టార్షన్ బార్ అని ఒక సన్నని ఉక్కు ముక్క ఉంటుంది. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే దాని పై కొస తిరుగుతుంది. నేలను పట్టుకున్న టైర్లు కింది కొసను కదలనివ్వవు. తడి బట్ట పిండినట్టు ఆ ముక్క ఏ కొద్ది డిగ్రీలో మెలి తిరుగుతుంది. మన చేతికి ఎంత సాయం కావాలో చెప్పేది ఆ మెలికే.

హైడ్రాలిక్‌లో ఆ మెలిక ఒక వాల్వును తెరుస్తుంది. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు నుంచి వచ్చే నూనె, టైరులోని గాలికి పదుల రెట్ల ఒత్తిడితో, ర్యాక్ (ముందు టైర్లను అటూ ఇటూ తిప్పే పళ్ల కడ్డీ) లోపలి పిస్టన్‌ను ఒక పక్కకు తోస్తుంది. ఇంజన్ నడిచినంతసేపూ ఆ పంపుకు సెలవు లేదు. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ కదపకుండా పోతున్నా అది తిరుగుతూనే ఉంటుంది, మన డీజిల్ తాగుతూనే ఉంటుంది.

ఎలక్ట్రిక్‌లో ఆ మెలికను సెన్సర్ కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ బండి వేగం కూడా చూసుకుని మోటారుకు ఎంత కరెంటు పంపాలో తేలుస్తుంది. నెమ్మదిగా పోతే సాయం ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ తక్కువ. తిప్పకపోతే మోటారుకు పెద్దగా పనే లేదు. చిన్న కార్లలో ఈ మోటారు డ్రైవరు మోకాళ్ల పైన, డ్యాష్‌బోర్డు కిందే ఉంటుంది. 1988లో జపాన్‌లో ఈ పద్ధతి మొదట వచ్చింది సుజుకి సెర్వో అనే బుల్లి కారులో. అమెరికాలో నూనె స్టీరింగ్‌ను 1951లో మొదట అమ్మకానికి పెట్టింది క్రిస్లర్ ఇంపీరియల్ అనే పెద్ద కారులో. ఇంజన్ శక్తి తక్కువున్న చిన్న బండికి పంపు బరువెక్కువ, ఆ పేదరికం నుంచే కరెంటు స్టీరింగ్ పుట్టింది.

ఇక బెంగళూరు. సిల్క్ బోర్డు దగ్గర గంటసేపు జానెడు జానెడు జరగడం, ఇంటికొచ్చాక సెల్లారులో రెండు స్తంభాల మధ్య కారును దూర్చడం. ఈ పనికి ఎలక్ట్రిక్‌కు సాటి లేదు. మా సెల్లారులో రెండు కార్లనూ వాడి చేతే పెట్టించాను. పెట్రోలు కారు ఒంటి చేత్తో మూడు తిప్పులకు లోపలికి వెళ్లిపోయింది. డీజిల్ కారులో స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకోగానే పంపు మూలిగింది, ఇంజన్ ఒక్కసారి కుంగి తేరుకుంది. బావమరిది చెమట తుడుచుకున్నాడు.

అలాగని నూనెను తీసిపారేయలేను. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు, టైరు కింద రోడ్డు గరుకుగా ఉందో జారుతోందో నా పాత కారు చేతికి చెప్పేది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తానే మధ్యకు వచ్చేది. ఇప్పటి కారులో ఆ కబురు మోటారును, గేర్లను దాటి వచ్చేసరికి సగం అరిగిపోతుంది. ఖరీదైన కార్లలో మోటారును కిందనే ర్యాక్‌కు బిగిస్తారు కనుక కొంత నయం. ఏడాదికి నాలుగుసార్లు చిత్తూరు వెళ్లేవాడికి ఈ లోటు పెద్దది కాదని నా అభిప్రాయం.

అసలు తేడా పాడైనప్పుడు తెలుస్తుంది. నా పాత కారు ఆరో ఏట పార్కింగ్ నేల మీద ఎర్రటి స్టీరింగ్ నూనె చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. అపార్ట్‌మెంట్ కార్యదర్శి వాటి ఫొటో తీసి అందరికీ పంపాడు. జేసీ రోడ్డులో ర్యాక్‌కు నూనె కారకుండా ఆపే కొత్త సీళ్లు కొన్నాను, మెకానిక్ ర్యాక్ విప్పి వేసి ఇచ్చాడు, సాయంత్రానికి కథ ముగిసింది. ఎలక్ట్రిక్‌లో ఆ సుఖం లేదు. మా పక్కింటాయన కారులో పసుపు దీపం వెలిగి స్టీరింగ్ బండరాయిలా బిగిసింది. సర్వీసు సెంటరువాళ్లు మొత్తం కాలమ్, అంటే మోటారుతో సహా స్టీరింగ్ కింద కడ్డీ అంతా, మార్చాలన్నారు. ఆయన అదృష్టం, వీధి చివరి ఎలక్ట్రీషియన్ ముందు బ్యాటరీ చూశాడు: టెర్మినల్ వదులై తెల్లగా బూజు పట్టి ఉంది. నిలబెట్టి తిప్పేటప్పుడు ఆ మోటారు లాగే కరెంటు చాలా ఎక్కువ. బ్యాటరీ నీరసిస్తే ముందు అలిగేది స్టీరింగే. సాయం ఆగినా స్టీరింగ్‌కూ టైర్లకూ మధ్య కడ్డీ ఉండనే ఉంటుంది, కనుక బండి తిరగకుండా పోదు. మీ నాన్నగారు నడిపితే మాత్రం భుజాలు పట్టేస్తాయని బావమరిదితో అన్నాను.

డీజిల్ కారు స్టీరింగ్ నూనె డబ్బా మూత తీసి చూపించాను. నల్లగా ఉంది, మాడు వాసన. ర్యాక్ చివరి రబ్బరు తొడుగు కింద వేలు పెడితే జిడ్డు అంటింది. నూనె శుభ్రంగా ఉండి, ధర ఓ ముప్పై వేలు తగ్గి ఉంటే ఇంకా ఆలోచించమనేవాణ్ణేమో.

పెట్రోలు కారులో తాళం తిప్పగానే స్టీరింగ్ దీపం వెలిగి, ఇంజన్ అందుకోగానే ఆరింది. అటూ ఇటూ చివరిదాకా తిప్పితే టకటక చప్పుడు లేదు. సోమవారం బేరం కుదిర్చాడు. మొదటి ఖర్చు కొత్త బ్యాటరీ.