హెడ్‌రెస్ట్ కడ్డీలకు బిగించిన చెక్క కెమెరా మౌంట్: చాలాకాలం వాడాక నా సమీక్ష

కారులో వీడియో నిలకడగా రావాలంటే కెమెరాకి కింద మెత్తటిది ఏదైనా ఉండాలని చాలామంది అనుకుంటారు. సొంతంగా చేసుకున్న చెక్క మౌంట్‌ని ఎండల్లో, వానల్లో, మంచి రోడ్ల మీద, గతుకుల రోడ్ల మీద వాడాక నేను చెప్పేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కెమెరాని కారు నుంచి విడదీయకూడదు, కారులో ఒక భాగం చేసేయాలి. కారు గుంతలో పడి లేచినప్పుడు కెమెరా కూడా దానితోపాటే లేస్తే ఫ్రేములో డాష్‌బోర్డు కదలదు, చూసేవాళ్లకి ఆ కుదుపు సహజంగానే అనిపిస్తుంది. కారు ఒకలా, కెమెరా ఇంకోలా ఊగినప్పుడే చూస్తుంటే తల తిరుగుతుంది.

నా మౌంట్‌లో ఉన్నవి రెండు గట్టి చెక్క పట్టీలు. ఒక్కొక్కటి సుమారు 6 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం. డ్రైవరు పక్క సీటు హెడ్‌రెస్ట్‌ని కాస్త పైకి లాగితే రెండు కడ్డీలు బయటపడతాయి కదా, వాటికి ముందొక పట్టీ, వెనకొక పట్టీ పెట్టి బోల్టులతో బిగిస్తాను. పట్టీలు కారు మధ్య వైపుకి జానెడు పొడుచుకొస్తాయి. ఆ చివర మందపాటి అల్యూమినియం ప్లేటు, దాని మీద బాల్‌హెడ్ (కెమెరాని ఏ వైపుకైనా తిప్పి బిగించే గుండు కీలు), ఆపైన కెమెరా. స్టీరింగ్, డాష్‌బోర్డు, రోడ్డు మూడూ ఒకే ఫ్రేములో పడతాయి.

ఇందులో అసలు కిటుకు పట్టీలను పడుకోబెట్టకుండా నిలబెట్టి వాడటం. వంగే దిశలో చెక్క మందం రెట్టింపైతే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది. పొడవు కూడా ఇదే లెక్కన దెబ్బతీస్తుంది: పొడుచుకొచ్చిన భాగం రెట్టింపైతే అదే బరువుకి చివర ఎనిమిది రెట్లు ఎక్కువ వంగుతుంది. అందుకే ఫ్రేము కోసం ఇంకో రెండు అంగుళాలు ముందుకి జరపాలని ఎంత అనిపించినా జరపను. ఆ తేడా లెన్సుతో సర్దుకోవచ్చు, కర్రతో కుదరదు.

కడ్డీల కోసం రంధ్రాలు వేసే పద్ధతి కూడా చెప్పాలి. రెండు పట్టీల మధ్య పలుచటి అట్టముక్క పెట్టి, క్లాంపులతో కలిపి పట్టించి, సరిగ్గా అతుకు మీద డ్రిల్లు దింపాలి. తర్వాత అట్ట తీసేస్తే రంధ్రం ఒక వెంట్రుకవాసి చిన్నదవుతుంది. బోల్టు బిగించగానే పట్టీలు ఒకదానికొకటి ఆనకముందే కడ్డీని పట్టేస్తాయి. లోపల సైకిల్ ట్యూబు ముక్క చుడితే కడ్డీ మీద గీతలు పడవు. కడ్డీల మందం, వాటి మధ్య దూరం కారు కారుకీ మారతాయి కాబట్టి కొలవకుండా చెక్క కోయొద్దు. ప్లైవుడ్ వాడకపోవడానికి కారణం ఉంది. అంచు మీద నుంచి డ్రిల్లు దింపితే పొరలు విడిపోతాయి.

కెమెరా కింద మర పావు అంగుళానిది, అంగుళానికి 20 చుట్లు. అంటే వ్యాసం 6.35 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.27. చూడ్డానికి 6 మిల్లీమీటర్ల మామూలు బోల్టు అలాగే ఉంటుంది, కానీ దాని చుట్ల దూరం 1 మిల్లీమీటరే. వదులుగా ఎక్కి, పట్టినట్టే పట్టి, కుదుపులకి ఊడిపోతుంది. సరైన బోల్టయినా కెమెరా లోపలికి నాలుగున్నర మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. ఎక్కువ దిగితే అడుగుకి తగిలి ఆగిపోతుంది, పైన మాత్రం బిగువు రాదు.

ఇప్పుడు వణుకు సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లతో ఊరికే తిరుగుతున్నప్పుడు సెకనుకి దాదాపు 27 పేలుళ్లు జరుగుతాయి. గతుకుల మీద చక్రాలు ఎగిరే వేగం సెకనుకి 10 నుంచి 15 సార్లు. కారు బాడీ స్ప్రింగుల మీద ఊగేది సెకనుకి ఒకటి, రెండు సార్లే. ఈ చివరిది బొమ్మకి హాని చేయదు. మొదటి రెండే బొమ్మని పాడుచేస్తాయి. చాలా కెమెరాలు ఫ్రేము మొత్తాన్ని ఒకేసారి కాకుండా వరసలు వరసలుగా చదువుతాయి, ఆ కాస్త వ్యవధిలో కెమెరా వణికితే నిలువు గీతలు అలల్లా వంకర్లు పోతాయి. జెల్లో ఎఫెక్ట్ అనేది దీన్నే.

మరి రబ్బరు పెడితే పోదా? మెత్తటి దిమ్మలు పెట్టి కూడా చూశాను. ఏ రబ్బరుకైనా సెకనుకి ఇన్నిసార్లని తనదైన ఊపు వేగం ఒకటి ఉంటుంది. దానికి సుమారు 1.4 రెట్లు దాటిన వణుకునే అది తగ్గిస్తుంది. అంతకు దిగువన తగ్గించదు సరికదా, తన ఊపుకి దగ్గరగా వచ్చినదాన్ని ఇంకా పెంచుతుంది. మెత్తటి దిమ్మల సొంత ఊపు చక్రాల ఎగురుడు దగ్గరకే వచ్చేసరికి ఇంజను వణుకు తగ్గింది గానీ గతుకుల మీద కెమెరా ఊయలెక్కింది. చివరికి బాల్‌హెడ్ కింద పలుచటి రబ్బరు షీటు ఒక్కటే ఉంచాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బొమ్మలో సన్నటి వణుకు ఇప్పటికీ కనిపిస్తుంది. కారు కదిలితే పోతుంది, అది నాకు సమ్మతమే.

రెండు ముందు సీట్లకీ కలిపి అడ్డపట్టీ వేసే పద్ధతి చాలామంది వాడతారు. నాకు నచ్చలేదు. రెండు సీట్లు ఒకేలా కదలవు. డ్రైవరు గేరు మార్చడానికి కాస్త ఒరిగినా ఫ్రేము మెలిక పడుతుంది. పక్క సీటొక్కటే, అదీ ఖాళీగా ఉన్నప్పుడు, ఎంతో నిలకడగా ఉంటుంది.

ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ (ఊగిన బొమ్మని కెమెరా తనే సర్ది నిలకడగా చూపించే సదుపాయం) విషయంలో నా అభిప్రాయం గట్టిది. కారు లోపలి భాగం ఫ్రేములో కనిపిస్తుంటే దాన్ని ఆపేయాలి. కెమెరా ఊగిందని దాని గైరో (కదలికని పసిగట్టే సెన్సర్) చెబుతుంది, నిజానికి కారు కూడా అంతే ఊగింది. దాంతో రోడ్డు నిలకడగా ఉండి డాష్‌బోర్డు తేలుతున్నట్టు కనిపిస్తుంది. అద్దం అవతలి రోడ్డు మాత్రమే ఫ్రేములో ఉంటే ఆన్ చేసుకోవచ్చు, పగటి వెలుతురులో బాగా పనిచేస్తుంది. ఫోకస్ మాన్యువల్‌లో దూరానికి పెట్టేయండి, లేకపోతే అద్దం మీది వాన చుక్కల్ని పట్టుకుంటుంది. అద్దంలో డాష్‌బోర్డు నీడ పడుతుంటే దాని మీద నల్లటి గుడ్డ పరచాలి, అద్దం మీది మెరుపుని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కూడా సాయపడుతుంది.

ఇన్నాళ్ల వాడకంలో అరిగినవి తక్కువే. వాతావరణంతోపాటు చెక్క బిగిసీ సడలీ బోల్టులు వదులవుతుంటాయి. నైలాన్ నట్లు, వెడల్పు వాషర్లు వేశాక ఆ బాధ తగ్గింది, అయినా బయల్దేరే ముందు చేత్తో ఒకసారి ఊపి చూస్తాను. సైకిల్ ట్యూబు ఎండకి గట్టిపడితే మారుస్తాను. బలహీనంగా ఉన్నది బాల్‌హెడ్. ఎండలో ఆగిన కారు వేడికి అది మెల్లగా కిందికి వాలుతుంది. కెమెరా బరువుకి కావలసినదానికంటే పెద్దది కొనడమే మంచిది.

భద్రత విషయంలో రాజీ లేదు. కెమెరాకి విడిగా ఒక తాడు ఉంటుంది. మౌంట్ ఉన్నప్పుడు ఆ సీట్లోగానీ వెనక సీట్లలోగానీ ఎవర్నీ కూర్చోనివ్వను, సడన్ బ్రేకు పడితే ఆ చెక్కకి తల తగులుతుంది. సీటు వీపు చుట్టూ బెల్టులు బిగించొద్దు. చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోంచే బయటికొస్తుంది.

ఈ మౌంట్‌లో నిజమైన లోపం ఒకటుంది. గట్టిగా బిగించిందంటే ఇంజను వణుకంతా కెమెరాకి చేరుతుంది. ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉన్న ఫోన్లలో లెన్సో సెన్సరో తేలుతూ ఉంటుంది. శక్తిమంతమైన మోటారు సైకిల్ ఇంజన్ల వణుకు ఐఫోన్ కెమెరాల్ని దెబ్బతీయవచ్చని యాపిల్ 2021లో హెచ్చరించింది. కారులో వణుకు అంత ఉండదు, అయినా రోజూ గంటలకొద్దీ తీసేవాళ్లు దీని మీద ఫోన్ పెట్టకపోవడమే మేలు. నేను లోపల కదిలే భాగాల్లేని చిన్న యాక్షన్ కెమెరానే వాడతాను.