పడవ డెక్కు కారుతుంటే సిలికానా, పాలీయురేతేనా, బ్యూటైల్ టేపా?

పడవలోనే కాపురం ఉండేవాళ్లను పెద్ద గాలివాన కంటే చిన్న లీకే ఎక్కువ విసిగిస్తుంది. రాత్రి వానకు పరుపు తడుస్తుంది, తర్వాత బూజు పడుతుంది, ఆ వాసన ఓ పట్టాన వదలదు. ఈ నీళ్లు చాలావరకు డెక్కు (పడవ పైన నడిచే నేల) మీద బిగించిన సామాన్ల బోల్టు కన్నాల్లోంచే దిగుతాయి. రెయిలింగ్ స్తంభాలు, తాళ్లు కట్టే క్లీట్లు ఇలాంటివే. వాటిని విప్పి, పాత సీలు (నీళ్లు దిగకుండా సందులో పెట్టే పదార్థం) గీకేసి, కొత్తది పెట్టి బిగించాలి. ఏం పెట్టాలి అన్నదగ్గరే పేచీ.

నేను ముందు చూసేది ఒక్కటే: దీన్ని మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తుందా?

అందరి చేతికీ ముందు వచ్చేది సిలికాన్. అక్రిలిక్, పాలీకార్బనేట్ లాంటి ప్లాస్టిక్ కిటికీలకు, వంటింటి సింకు అంచులకు బాగానే పనికొస్తుంది. డెక్కు సామాన్లకు మాత్రం వద్దంటాను. పట్టు తక్కువ. పైగా గీకేసినా కంటికి కనబడని పొర మిగిలిపోతుంది. దాని మీద పెయింట్ పట్టదు, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అంటదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అతుక్కోదు.

పాలీయురేతేన్ దీనికి పూర్తి తేడా. త్రీఎం కంపెనీ 5200 లాంటివి సీలు కంటే జిగురు అనుకోవడమే నయం. నీటి మట్టానికి కింద, శాశ్వతంగా ఉండాల్సిన చోట దీనికి సాటి లేదు. పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది, అది ఓర్చుకోవచ్చు. క్లీటుకు పెట్టారా, విప్పే రోజున క్లీటుతో పాటు ఫైబర్‌గ్లాస్ పైపొర కూడా ఊడి రావచ్చు. ప్లాస్టిక్ కిటికీలకూ ఇది తగదు.

డెక్కు మీద నా ఓటు బ్యూటైల్ టేపుకే. ఇది జిగటగా ఉండే రబ్బరు పట్టీ. ఏళ్లు గడిచినా గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది కాబట్టి ఫిట్టింగ్ కాస్త కదిలినా సీలు తెగదు. ఆరేదాకా ఆగే పని లేదు, చేతులకు అంటిన గమ్‌తో తంటా లేదు. డెక్కు వైపు కన్నం అంచును కాస్త ఏటవాలుగా చెక్కి, బోల్టు తల కింద టేపును సన్నటి తాడులా చుట్టి పెడితే, అది ఆ గుంటలోకి దిగి రబ్బరు రింగులా పనిచేస్తుంది. ఒకేసారి బిగించకండి, కొంచెం బిగించి, పక్కలకు పొంగినది తీసేసి, మర్నాడు మళ్లీ బిగించాలి. పైన బోల్టును కదలనివ్వకుండా పట్టుకుని, కింద నట్టునే తిప్పాలి. బోల్టు తిరిగితే చుట్టిన టేపు చిరిగినట్టే. (ఈ పనికి ఇద్దరు కావాలి: ఒకరు ఎండలో, ఇంకొకరు అల్మారాలో తల దూర్చి.)

బ్యూటైల్‌కూ హద్దులున్నాయి. నీటి మట్టానికి కింద వాడకూడదు, ఇంధనం తగిలే మూతల దగ్గరా వద్దు. డీజిల్, పెట్రోలు దాన్ని కరిగిస్తాయి.

ఏది ఎంచుకున్నా, విప్పినప్పుడు కన్నంలో సన్నటి పుల్ల పెట్టి చూడండి. చాలా డెక్కుల మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. అది తడిగా, మెత్తగా తగిలితే సీలు పని ఆపేయండి. ముందు ఆరబెట్టి, కుళ్లింది తీసేసి, కన్నాన్ని పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ కన్నం వేసుకోవాలి. టేపు సంగతి ఆ తర్వాతే.