కీమో ఒక్కటే చాలా, ఇమ్యూనోథెరపీ కూడా కలపాలా: ఏది మేలు?

మలద్వార క్యాన్సర్ వేరే అవయవాలకు పాకకముందే దొరికితే ఈ ప్రశ్న రాదు. 1970ల నుంచి వాడుతున్న కీమో, రేడియేషన్ జోడీతోనే చాలామందికి నయమవుతుంది. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాకే చిక్కు.

ఒకప్పుడు అలాంటివారికి సిస్‌ప్లాటిన్, 5-ఎఫ్‌యూ అనే కీమో మందులు ఇచ్చేవారు. 2020లో వెలువడిన ట్రయల్‌లో వాటిని కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ జంటతో పోల్చారు. గడ్డలు తగ్గినవారు రెండు వైపులా దాదాపు సమానమే. కానీ తీవ్రమైన దుష్ఫలితాలు పాత జంటతో 62 శాతం మందికి వస్తే, కొత్త జంటతో 36 శాతానికే. సగటు ఆయుష్షు కూడా 12 నెలల నుంచి 20కి పెరిగింది. కాబట్టి ఈ రెండింట్లో ఏదన్నది తేలిపోయినట్టే.

ఇప్పుడు ఈ కొత్త జంటకు రెటిఫాన్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు (శరీర రక్షణ వ్యవస్థతోనే క్యాన్సర్‌పై పోరాడించేది) కలపాలా అన్నదే ప్రశ్న. ఈ క్యాన్సర్లలో పదింట తొమ్మిది హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చేవే. వైరస్ ఆనవాళ్లున్న కణాలను మన రక్షణ కణాలు పసిగట్టగలవు, కానీ గడ్డ వాటికి బ్రేక్ వేస్తుంది. ఈ మందు ఆ బ్రేక్ తీస్తుంది. 308 మందిపై జరిగిన ట్రయల్‌లో సగం మందికి కీమోతో పాటు ఇది, మిగతావారికి కీమోతో ఉత్తుత్తి మందు ఇచ్చారు. జబ్బు మళ్లీ ముదిరేలోపు దొరికిన వ్యవధి 7.4 నెలల నుంచి 9.3కి పెరిగింది.

రెండు నెలలేనా అని నాకూ అనిపించింది. అయితే ఆయుష్షు లెక్క చూడండి: కీమో ఒక్కటే అయితే 23 నెలలు, ఇది కలిపితే 29 నెలలు. ఇది మధ్యంతర లెక్క, ఇంకా గట్టిగా రుజువు కాలేదు. పైగా ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి జబ్బు ముదిరాక అసలు మందు తీసుకునే వీలిచ్చారు. అయినా అంత తేడా కనబడిందంటే, మొదట్లోనే కలపడం మేలనే నేనంటాను. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2025 మేలో ఈ కలయికకు అనుమతిచ్చింది.

తీవ్ర దుష్ఫలితాలు మాత్రం 39 శాతం నుంచి 47కి పెరిగాయి. కీమోతో వచ్చే వాంతులు, నీరసం మందు ఆపితే చాలావరకు తగ్గుతాయి. బ్రేక్ తీసిన రక్షణ వ్యవస్థ థైరాయిడ్‌పైనో పేగుపైనో తిరగబడితే ఆ బాధ నెలల తర్వాత కూడా బయటపడొచ్చు, కొందరికి థైరాయిడ్ మాత్ర జీవితాంతం తప్పదు. అవయవ మార్పిడి అయినవారికి, తీవ్రమైన ఆటోఇమ్యూన్ జబ్బు (రక్షణ వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసేది) ఉన్నవారికి కీమో ఒక్కటే క్షేమం కావచ్చు. హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన రెటిఫాన్లిమాబ్‌ను పక్కన పెట్టక్కర్లేదు. అదుపులో ఉన్నవారిని ఆ ట్రయల్‌లోనే చేర్చుకున్నారు.