సీలు చూసి నమ్మకండి: మేడారం దారిలో పాత బాటిళ్లలో నీళ్లు అమ్ముతున్నారు

హనుమకొండ నుంచి ములుగు మీదుగా మేడారం వెళ్లేవాళ్లు దయచేసి ఇది చదవండి. రోడ్డు పక్కన ఒక దుకాణంలో పేరున్న కంపెనీ లేబులుతో మాకు అమ్మిన లీటరు నీళ్ల బాటిళ్లు అంతకుముందు ఎవరో తాగి పారేసినవి. వాటిలో మళ్లీ ఏవో నీళ్లు నింపి, కొత్త మూత బిగించి, పూర్తి ధరకు అమ్ముతున్నారు.

పట్టుకున్నది మా ఆడపడుచు. పిల్లవాడికి తాగించబోతూ మూత తిప్పితే చిటపటమని శబ్దం రాలేదు. మూతతో పాటు దాని కింది రింగు కూడా గిరగిరా తిరిగి చేతిలోకి వచ్చేసింది. కంపెనీ బిగించిన మూత అలా రాదు. మూతను, రింగును కలిపే సన్నని పోగులు మొదటిసారి తిప్పగానే తెగిపోతాయి, రింగు బాటిల్ మెడకే ఉండిపోతుంది. అనుమానం వచ్చి మిగతా బాటిళ్లను ఎండకు ఎత్తి చూశాం. నడుము దగ్గర ఒకసారి నొక్కుకుపోయి మళ్లీ ఉబ్బినట్లు తెల్లని మడత గీతలు ఉన్నాయి. అడుగంతా గీరుకుపోయింది. ఒక లేబులు అంచున ఎండిన మట్టి. ఒకే కట్టలోంచి తీసి ఇచ్చినవే అయినా తయారీ తేదీల మధ్య నెలల తేడా ఉంది!

వెనక్కి తీసుకెళ్లి అడిగితే, ‘నీళ్లు నీళ్లే కదమ్మా, తాగితే ఏమవుతుంది’ అన్నాడు దుకాణదారు. నాకు ఒళ్లు మండింది.

వాడిన తర్వాత బాటిల్‌ను నలిపేయమని లేబులు మీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మళ్లీ నింపడానికి పనికిరాదు కనుకనే ఆ మాట. తిరిగి నింపే పాత సోడా సీసాలు దళసరి గాజువి, మరిగే వేడిని, కాస్టిక్ సోడాను తట్టుకుంటాయి. నీళ్ల బాటిల్ పెట్ అనే పలుచని ప్లాస్టిక్‌తో చేసింది. సుమారు 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుపోతుంది. అంటే క్రిములు చచ్చేంత వేడి నీళ్లతో దాన్ని కడగడమే కుదరదు. మెడ ఇరుకు కాబట్టి బ్రష్షూ సరిగా పోదు. ఎవరో నోరు పెట్టి తాగి, ఎక్కడో చెత్తలో పడేసిన బాటిల్‌లో లోపలి గోడకు జిగురు పొర పడుతుంది. చల్లనీళ్లు పోసి ఆడిస్తే అది వదలదు. పైగా కొత్తగా పోసిన నీళ్లు ఎక్కడివో ఎవరికి తెలుసు? లక్షలమంది కలిసే జాతరలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముందు కుంగిపోయేది పసిపిల్లలు, ముసలివాళ్లు.

ఇక వాట్సాప్‌లో తిరిగే మాటలు కొన్ని. అడుగున త్రికోణంలో ఉండే 1 అంకెకు ఒక్కసారే వాడాలని అర్థం కాదు, అది ప్లాస్టిక్ రకాన్ని చెప్పే గుర్తు మాత్రమే. ఈ బాటిళ్లలోంచి బీపీఏ అనే హానికర రసాయనం నీళ్లలోకి దిగుతుందన్న మాటా సరికాదు. దాన్ని పెట్ తయారీలో వాడరు, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో వాడతారు. పెట్ తయారీలో వాడే ఆంటిమొనీ అనే మూలకం మాత్రం వేడికి కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. అందుకని మన వరంగల్ మే నెల ఎండలో, మూసిన కారులో ఉండిపోయిన నీళ్లు తాగకపోవడమే మేలు. అయితే ఇలా నింపి అమ్మే బాటిళ్లతో అసలు భయం క్రిములదే.

లేబులు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు చూసుకుంటే చాలని చాలామంది చెబుతారు. ఈ మోసంలో అది పనిచేయదు. లేబులు అసలుదే, నంబరూ అసలుదే, లోపలి నీళ్లే నకిలీ. కాబట్టి డబ్బులిచ్చే ముందే రింగు మీద, మడతల మీద, తేదీల మీద కన్నేయండి. మూత మీద కంపెనీ పేరు లేకపోయినా, రంగు తేడాగా ఉన్నా వద్దనండి. దుకాణం ముందే మూత తీయండి, పోగులు తెగిన చప్పుడు వినిపించాలి.

తాగేసిన బాటిల్‌ను అలాగే పారేయకండి. లేబులు చించి, బాటిల్‌ను మెలిపెట్టి నలిపేయండి. చెత్త ఏరుకుని బతికేవాళ్లకు నలిగినదైనా తూకంలో అదే బరువు, వాళ్ల కూలి పోదు. మళ్లీ నింపేవాడికి మాత్రం ఎందుకూ కొరగాదు.

మాకు బిల్లు ఇవ్వలేదు. ఫోనులో డబ్బులు పంపిన వివరం, బాటిళ్ల ఫోటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా పెట్టవచ్చు. మూత తీయని బాటిళ్లు కొన్ని అలాగే ఉంచాను, అధికారులు అడిగితే ఇస్తాను. ఆ దారిలో మీకూ ఇలాంటివి అంటగట్టి ఉంటే పారేయకండి. తేదీ, మూత, మెడ స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి మీరూ ఫిర్యాదు పెట్టండి.